పోటుకీ పాటుకీ మధ్య: కాకినాడ బురద మేటల మీద పొడుగుకాళ్ళ పిట్టల డైరీ

2023 అక్టోబరు 8, ఆదివారం

శుక్రవారం ఎనిమిదో తరగతి పిల్లల్ని ఉప్పుటేరు గట్టు మీదకి తీసుకెళ్ళాను. మడ అడవుల పాఠం. సగంలో ఉండగా ఒక పిల్ల బురద వైపు చెయ్యి చూపించి, "టీచర్, ఆ ఎర్రకాళ్ళ పిట్ట పేరేంటండీ?" అంది. "అదొక రకం కొంగమ్మా" అనేశాను. కొంగ కాదని అంటున్నప్పుడే తెలుసు. మరేమిటో తెలియదు. పుట్టిందీ పెరిగిందీ కాకినాడలోనే, సైన్సు చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళు. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ప్రతి చలికాలం వేలకొద్దీ వాలే పిట్టల్లో పదింటికి కూడా పేరు చెప్పలేను. రెండు రోజులుగా అదే మనసులో మెదులుతోంది.

అందుకని ఈ నోటుబుక్కు తెరిచాను. ఈ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, ఒకే చోటు: కుంభాభిషేకం గుడి దగ్గర అఖాతంలోకి పరుచుకున్న బురద మేట. చిన్న పిట్టల జోలికి ఇప్పుడే పోను. నీళ్ళలో నిలబడి మేసే పొడుగుకాళ్ళవి చాలు. సామాను: ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించే బైనాక్యులరు, టోపీ, మంచినీళ్ళు, పెన్సిలు. పెన్నుతో రాస్తే ఉప్పు గాలికి కాగితం చెమ్మగిల్లి సిరా పారుతుంది.

అక్టోబరు 14, శనివారం, మహాలయ అమావాస్య

పొద్దున్నే ఆరింటికి వెళ్ళాను. దండగ. మన తీరం తూర్పుకి తిరిగి ఉంటుంది కదా, లేచే సూర్యుడు సూటిగా కళ్ళలోకి కొడతాడు. మెరిసే నీళ్ళ మీద నల్లటి నీడలు తప్ప రంగు అనేదే కనబడలేదు. పైగా తొమ్మిది గంటలకి పోటు నిండిపోయి బురదంతా మునిగింది. పిట్టలన్నీ ఎక్కడికో పోయాయి.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. పోటూ పాటూ, అంటే నీళ్ళు పైకి రావడం, వెనక్కి పోవడం, రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఇక్కడ అమావాస్యకీ పున్నమికీ పోటు పొద్దున తొమ్మిది ప్రాంతంలో నిండితే, మధ్యాహ్నం మూడింటికల్లా బాగా పాటు తీస్తుంది. ఆ రెండు తిథుల్లోనే నీళ్ళు అన్నిటికంటే దూరం వెనక్కి పోతాయి. మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. అంటే పున్నమి, అమావాస్య మధ్యాహ్నాలే మనకి ముహూర్తాలు. మూడింటికి చేరుకుని గట్టు మీద కదలకుండా కూర్చుంటే, నాలుగున్నర నుంచి పోటు మొదలై నీళ్ళే పిట్టల్ని మన వైపు తోసుకొస్తాయి. మనం వాటి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, వెళ్ళకూడదు కూడా.

అక్టోబరు 29, ఆదివారం

నిన్న పున్నమి. మొదటిసారి కడుపునిండా చూశాను. కానీ బొమ్మల పుస్తకం ముందేసుకుని పోల్చబోతే ఒక్కటీ కుదరలేదు. కారణం తర్వాత అర్థమైంది. ఇక్కడికొచ్చే పిట్టలు చలికాలపు ఈకల్లో ఉంటాయి. అన్నీ బూడిద రంగు, కింద తెలుపు. పుస్తకంలో కళ్ళకి కొట్టినట్టు కనబడే రంగులు ఉత్తరాన గుడ్లు పెట్టే కాలానివి. రంగుని నమ్ముకుంటే ఆరు నెలలూ తికమకే.

మరి దేన్ని నమ్మాలి? అప్పుడు తట్టింది, ఇవి నిలబడే లోతు ఒకటి కాదు. ఒకటి బురద మీదే తిరుగుతుంది, ఒకటి చీలమండ లోతులో, ఒకటి పొట్ట తడిసేదాకా. ఎవరి కాళ్ళు ఎంత పొడుగో అంత లోతు, ఎవరి ముక్కు ఎంత పొడుగో బురదలో అంత లోతు. ఒకే మేట మీద అన్ని రకాలు కొట్టుకోకుండా బతకడానికి ఈ వాటాలే కారణం. అలాంటప్పుడు ఆ లోతుని కొలిస్తే?

ఆరు వెదురు గడలు తెచ్చి, 5 సెంటీమీటర్లకి ఒక పట్టీ చొప్పున ఎరుపు, తెలుపు పెయింటు వేశాను. ఇవాళ పొద్దున పట్టుకెళ్ళి బురదలో దిగబోతుంటే, వల బాగుచేసుకుంటున్న తాత కేకేశాడు.

"ఆయ్, ఎక్కడికండీ టీచరుగారూ? అక్కడ దిగితే మొల్లోతు కూరుకుపోతారు."

"ఈ గడలు పాతాలి తాతా. పిట్టలు ఎంత లోతులో నిలబడతాయో చూద్దామని."

"పోటు నిండనివ్వండి. పడవలో ఎల్లి పాతేద్దాం. కాలు పెట్టే పని లేదు."

పది గంటలకి, పోటు నిండాక, ఆయన పడవలోంచే ఆరూ పాతాం, పది అడుగులకి ఒకటి చొప్పున గట్టు నుంచి లోపలికి వరసగా. ఆయన పిట్టల్ని వేటికవి పిలవడు. చిన్నవన్నీ ఉల్లంకులు, తెల్లవన్నీ కొంగలు, వంకరముక్కువి వంకరముక్కువి. కానీ ఏది ఏ వేళకి ఎక్కడ దిగుతుందో పోటు లెక్కలాగే నోటికి చెబుతాడు. నా పుస్తకంలో లేనిది అదే.

మధ్యాహ్నం నాలుగింటికి మొదటి కొలత: చిన్న తెల్లకొంగ మూడు పట్టీల లోతులో. రాసుకున్నాను.

నోటుబుక్కులో గడులు కూడా మార్చేశాను. మొదట టైము, తర్వాత పోటా పాటా, ఎన్ని పట్టీల లోతు, ఎలా తింటోంది, ఎగిరితే ఏం కనబడింది. పేరు ఆఖరి గడి. తెలియకపోతే "తెలియదు" అని రాయాలి. ఖాళీ వదలకూడదు, ఊహించి నింపకూడదు.

నవంబరు 12, దీపావళి

సరిగ్గా నిలబడ్డ గడలు నాలుగే. రెండు సగం దిగబడిపోయాయి, వాటి కొలతలు కొట్టేశాను. నేల మట్టానికి ఒక అడ్డచెక్క మేకులతో కొడితే బురదలోకి కుంగదని తాత సలహా. అలాగే చేశాం. ఒక గడ మీద లకుముకి పిట్ట కూర్చుని చేపలు పడుతోంది. దానికది కొత్త ఇల్లు.

చీకటి పడకముందే టపాకాయలు మొదలయ్యాయి. ప్రతి మోతకీ మేట మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, తిరిగి, మళ్ళీ దిగుతున్నాయి. అలా పదకొండు సార్లు. వేల మైళ్ళు ఎగిరొచ్చి ఇక్కడ తిండి తిని కొవ్వు పట్టాలని చూసే ప్రాణులు అవి. వాటి తిండి వేళ రోజుకి కొన్ని గంటలే, నీళ్ళు వెనక్కి పోయినంతసేపే. మనసు పాడై తొందరగా వచ్చేశాను.

నవంబరు 26, ఆదివారం

రేపు కార్తీక పున్నమి. ఇవాళ కొంగల రోజు.

చిన్నప్పుడు కొంగల బారు ఎగురుతుంటే గోళ్ళు ఊపుతూ వెంట పరిగెత్తేవాళ్ళం, గోటి మీద తెల్ల చుక్క పడుతుందని. అప్పుడు అన్నీ ఒకటే కొంగ. ఇప్పుడు గడల పక్కన చూస్తే ఎంత తేడా! పెద్ద తెల్లకొంగ అయిదు పట్టీల లోతులో, మెడ వంచి, పది నిమిషాలు శిలలా నిలబడింది. మనవాళ్ళు కొంగ జపం అన్నది దీన్ని చూసే. చిన్న తెల్లకొంగకి జపం చేతకాదు. అది బురదలో ఒక కాలు వణికించి అడుగున దాక్కున్న రొయ్యల్ని లేపుతుంది, రెక్క విప్పి పరిగెడుతుంది, తిరుగుతుంది, పొడుస్తుంది. కాళ్ళు నల్లగా ఉండి పాదాలు మాత్రం పచ్చగా, పసుపు రాసుకున్నట్టు ఉంటాయి. కాలు ఎత్తినప్పుడు ఆ పసుపు కనబడితే ఇక సందేహం లేదు. పెద్ద కొంగనీ, మధ్య రకం కొంగనీ విడదీయడానికి నోటి గీత చూడాలి. పెద్దదానికి ఆ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్య రకానికి కంటి కింద ఆగిపోతుంది.

రాళ్ళ దగ్గర ఒక పలక రంగు కొంగ, గొంతు దగ్గర తెల్ల మచ్చ. అది రీఫ్ ఎగ్రెట్, సముద్రం అంచునే బతికే కొంగ. దీన్లో తెల్లవీ ఉంటాయి. తెల్లదాన్ని చిన్న తెల్లకొంగ నుంచి విడదీయడం కష్టం, ముక్కు కాస్త లావు, రంగు కాస్త గోధుమ. అలాంటివి మూడు ఈరోజు "తెలియదు" గడిలో ఉన్నాయి.

ఈ రీఫ్ ఎగ్రెట్ గురించి చదివిన ఒక విషయం నన్ను వదలడం లేదు. గ్లాసు నీళ్ళలో పెన్సిలు పెట్టి, వంగినట్టు కనబడుతోందా అని ఏటా పిల్లలకి చూపిస్తాను. వక్రీభవనం. నీళ్ళలో చేప కనబడే చోటు వేరు, ఉండే చోటు వేరు. 1987లో గాడి కట్సీర్, నేథన్ ఇంట్రేటర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకులు ఇదే కొంగ మీద పరీక్షలు చేసి, పొడిచే ముందు అది ఆ తేడాని సరిదిద్దుకుంటుందని చూపించారు. చేప లోతుని బట్టి తల పెట్టే కోణం ఎంచుకుంటుంది. ఈ ఏడు వక్రీభవనం పాఠం గ్లాసుతో కాదు, గట్టు మీదే చెబుతాను.

ఇంకొకటి రాసుకోవాలి. పైనుంచి ఎగురుతూ పోయేది నారాయణ పక్షా, మరో జాతా అన్న సందేహం ఇక రాదు. కొంగలూ నారాయణ పక్షులూ మెడ ముడిచి ఎగురుతాయి. నత్తలు తినే నత్తగుల్ల కొంగా, ఎర్రకాళ్ళ పెద్ద కొంగా, గరిటెమూతి కొంగా మెడ ముందుకి చాపి ఎగురుతాయి. పేరుకి ఇవీ మనకి కొంగలే కానీ కుటుంబాలు వేరు.

నవంబరు 28, మంగళవారం (బడిలో)

ఆ పిల్లని పిలిచి అడిగాను. "ఆ రోజు నువ్వు చూసిన పిట్ట ఎగిరిందా?" ఎగిరిందట. "రెక్క వెనక అంచున తెల్లగా ఉందండీ, చీరకి జరీ అంచులాగ. కీచుమని అరిచింది." అంతే, దొరికింది. అది స్టిల్ట్ అనే పిట్ట కాదు, రెడ్‌షాంక్ అనే పిట్ట. రెండింటికీ కాళ్ళు ఎరుపే. కానీ స్టిల్ట్ రెక్క పైనా కిందా నల్లగా ఉంటుంది, ముక్కు సూదిలా నల్లది. రెడ్‌షాంక్ ముక్కు మొదట్లో ఎరుపు, కొస నలుపు. రెక్క వెనక ఆ తెల్ల అంచు దానికి ముద్ర లాంటిది. మనిషి అలికిడికి అందరికంటే ముందు అరిచి మేటంతా లేపేదీ అదే.

నాకు లేని చూపు ఆ పిల్లకి ఉంది. వచ్చే పున్నమికి తనూ వస్తానంది. వాళ్ళమ్మని అడిగాను.

డిసెంబరు 10, ఆదివారం

అయిదో తారీఖున మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ కూడా మూడు రోజులు ఒకటే వాన, గాలి. వెళ్ళి చూస్తే ఆరు గడల్లో ఒక్కటి మిగిలింది, అదీ ఒరిగిపోయి. మేట ఆకారమే మారింది. ఉత్తరం వైపు బురద కొట్టుకుపోయి ఇసుక తేలింది, దక్షిణాన కొత్త గుంట పడింది. తాత పడవ క్షేమం. అది ముందు అడిగాను.

పిట్టలు తక్కువ. గ్రీన్‌షాంకులు మాత్రం కొత్త గుంటలో ఆరు. గంభీరంగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి చేపపిల్లల వెంట పరిగెత్తే తీరుని బట్టే పోల్చేశాను, ముక్కు కాస్త పైకి తిరిగి ఉండటం తర్వాత చూశాను. లేచినప్పుడు "త్యూ త్యూ త్యూ" అని మూడు ముక్కలు. వీపు మీద తెల్లటి చీలిక పైదాకా. దానికి చెల్లెలిలా ఉండేది మార్ష్ సాండ్‌పైపర్. అదే తెల్ల చీలిక, కానీ మనిషి సన్నం, ముక్కు సూదిలా తిన్నగా.

డిసెంబరు 25, సోమవారం

రేపు పున్నమి. కొత్త గడలు అడ్డచెక్కలతో పాతాం. స్నేహితురాలి దగ్గర టెలిస్కోపూ దాని ముక్కాలి పీటా వారం రోజులకి తెచ్చుకున్నాను. ఈరోజు రాసేది కాస్త పొడుగే.

అక్టోబరు నుంచి ఇసుక అంచున ఒక గుంపు చూస్తున్నాను. పొడుగు కాళ్ళు, మరీ పొడుగు తిన్నటి ముక్కు, మొదట్లో గులాబి, కొస నలుపు. బ్లాక్-టెయిల్డ్ గాడ్‌విట్ అని నాలుగుసార్లు రాశాను, ఒకసారి 40 అని లెక్క కూడా. ఇవాళ కుక్కలు రెండు మేట మీదకి పరిగెత్తాయి. గుంపంతా లేచింది. రెక్క మీద వెడల్పాటి తెల్ల చార ఉండాలి, లేదు. తోక నల్లటి పట్టీలా ఉండాలి, లేదు. సన్న సన్న అడ్డగీతలు. కిందకి దిగాక టెలిస్కోపులో చూస్తే ముక్కు కొస రవ్వంత పైకి తిరిగి ఉంది, వీపు మీద గీతలున్నాయి, కాళ్ళు నేననుకున్నంత పొడుగు కావు. ఇవి బార్-టెయిల్డ్ గాడ్‌విట్లు. మూడు నెలలు తప్పు పేరు రాశాను.

గడలు ముందే చెప్పాయి, నేనే వినలేదు. అక్టోబరులో ఆ గుంపు ఎప్పుడూ ఒకటి, రెండు పట్టీల లోపే. బ్లాక్-టెయిల్డ్ అయితే అంతకంటే లోతుకి, పొట్ట దాకా దిగుతుంది. దానికి మంచినీటి బురద, చిత్తడి చేలు ఇష్టం. తెరిచిన సముద్రపు ఇసుక అంచున నిలబడేది ఎక్కువగా బార్-టెయిల్డే. లోతు గడి నింపి, చదవకుండా, పుస్తకంలో బొమ్మ చూసి పేరు గడి నింపాను. పాత పేజీలకి వెళ్ళి ఆ నాలుగు పేర్లూ అడ్డంగా కొట్టేసి "గాడ్‌విట్, ఏదో తెలియదు" అని రాశాను. ఇవాళ చూసింది బార్-టెయిల్డ్ కాబట్టి అప్పటివీ అవే అని దిద్దడం కూడా ఊహే అవుతుంది.

అవి తినే తీరు టెలిస్కోపులో చూడటం గొప్ప అనుభవం. ముక్కు మొత్తం, ఒక్కోసారి మొహం దాకా, బురదలోకి దించుతుంది. లోపల కళ్ళకి ఏమీ కనబడదు. ముక్కు కొసలో స్పర్శ తెలిసే సన్నటి గుంటలు ఉంటాయి. తడి బురదలో పురుగు చేసే ఒత్తిడిని వాటితో పసిగడుతుంది. పైగా ముక్కంతా తెరవకుండా పై కొస ఒక్కటే పైకి వంచి పట్టుకోగలదు. బురదలో నోరంతా తెరవాలంటే కుదరదు కదా.

పిల్ల పక్కనే ఉంది. "మోకాలు వెనక్కి వంగిందేంటండీ?" అని అడిగింది. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, ఈకల్లో దాక్కుని ఉంటుంది. మనం పాదం అనుకునేది వేళ్ళు మాత్రమే. అంటే ఈ పిట్టలన్నీ జీవితాంతం మునివేళ్ళ మీదే నిలబడతాయి. నేల మీద కర్రతో గీసి చూపించాను. తర్వాత చాలాసేపు మునివేళ్ళ మీదే నడిచింది.

ఈ బార్-టెయిల్డ్ గాడ్‌విట్ జాతికి చెందిన ఒక పిల్ల పిట్ట 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మానియాకి 13,560 కిలోమీటర్లు, ఎక్కడా వాలకుండా, 11 రోజులు ఎగిరింది. వీపున ఉపగ్రహ ట్యాగు ఉండబట్టి తెలిసింది. మన దగ్గరికొచ్చేవి ఆ దారివి కావు, సైబీరియా ఉత్తరపు టండ్రా నుంచి వస్తాయి. అయినా ఒళ్ళు అదే, రెక్కలు అవే. అలాంటి దాన్ని ఆకలి తీరకముందే కుక్క లేపుతుంటే ఊరుకోలేక లేచి వెళ్ళి అదిలించాను. నేను లేచినందుకు రెడ్‌షాంకులు లేచాయి. తప్పలేదు.

2024 జనవరి 13, శనివారం

ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి. ఈసారి మా మేట లెక్క కూడా అందులోకి పంపాలని నిశ్చయించుకున్నాను.

అమావాస్య దాటి రెండు రోజులు, పోటు పదిన్నర ప్రాంతంలో. లెక్కకి పాటు వేళ పనికిరాదు, పిట్టలు మైలు పొడవునా చెల్లాచెదురుగా ఉంటాయి. పోటు నిండేసరికి మునగని ఒక ఇసుక దిబ్బ మీదకి అన్నీ చేరి ఒంటికాలి మీద నిద్రపోతాయి. అది వాటి విడిది. అది ఎక్కడుందో తాత నవంబరులోనే చెప్పాడు, నేను ఇప్పటికి చూశాను.

లెక్కపెట్టే పద్ధతి: ముందు పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత జాగా పట్టాయో కంటికి పట్టించుకోవాలి. ఆ కొలతతో గుంపుని కొలుచుకుంటూ పోవాలి. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. రెండూ బాగా తేడా వస్తే మూడోసారి. పిల్ల ఒక వైపు నుంచి, నేను ఒక వైపు నుంచి లెక్కించాం. రెడ్‌షాంకులు మొదటిసారి ఆమె 140 అంటే నేను 105. మూడోసారికి 121, 118.

చివరికి రాసినవి: రెడ్‌షాంక్ 118, స్టిల్ట్ 64, బార్-టెయిల్డ్ గాడ్‌విట్ 52, కర్లూ 21, గ్రీన్‌షాంక్ 9, విమ్‌బ్రెల్ 6 (కర్లూ, విమ్‌బ్రెల్ రెండూ తాత చెప్పే వంకరముక్కువి). తెలియనివి 37. ఆ 37 రాయడానికి మొదట సిగ్గేసింది. తర్వాత ఆ అంకె చూస్తుంటే ధైర్యమే వచ్చింది, మిగతా అంకెలు నమ్మదగ్గవని చెప్పేది అదే కదా. రేపు భోగి. ఇంటికెళ్ళి పిడకల దండలు చూసుకోవాలి.

ఫిబ్రవరి 9, శుక్రవారం, చొల్లంగి అమావాస్య

సెలవు పెట్టాను. తెల్లవారుజామునే అమ్మతో కలిసి చొల్లంగి వెళ్ళి, తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానం చేశాం. సప్తసాగర యాత్రకి ఇదే మొదటి రేవు. జనం జాతరలా ఉన్నారు. అమ్మ దీపం వదులుతుంటే మడ చెట్ల వెనక నుంచి ఏడు ఈలలు వినబడ్డాయి, ఒకదాని వెంట ఒకటి, ఒకే స్థాయిలో. విమ్‌బ్రెల్! కనబడలేదు, అయినా రాసుకోవచ్చు. ఆ ఏడు ఈలలు దానివే.

అమ్మని ఇంట్లో దింపి మధ్యాహ్నం మేటకి. ఇవాళ వంకరముక్కులు. కర్లూ ముక్కు కిందకి వంగి, మరీ పొడుగు, ఆడదానికి ఇంకా పొడుగు. విమ్‌బ్రెల్ కాస్త చిన్నది, ముక్కు పొట్టి, వంపు కొస దగ్గర హఠాత్తుగా. నెత్తిన ముదురు చారలు రెండు. కర్లూ నెత్తి సాదాగా ఉంటుంది. ఒక కర్లూ ఎండ్రకాయని బొరియలోంచి లాగి, నేలకేసి కొట్టి, విదిలించి కాళ్ళు రాలగొట్టి ఒళ్ళు మాత్రం మింగింది. అంతా కలిపి అర నిమిషం. తాత చూసి, "మా ఆడోళ్ళు కూడా అంత ఏగిరంగా ఒలవలేరండి" అన్నాడు.

ఈ కుటుంబంలో సన్నముక్కు కర్లూ అని ఒకటి ఉండేది. సైబీరియాలో గుడ్లు పెట్టి, మధ్యధరా తీరాలకి వలస వచ్చేది. ఆఖరిసారిగా అది ఖాయంగా కనబడింది 1995లో, మొరాకోలో. కర్లూని చూస్తున్నంతసేపూ అదే గుర్తొచ్చింది. (తర్వాత చేర్చిన మాట: 2025 అక్టోబరులో ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయిన జాతుల్లో చేర్చింది.)

మార్చి 25, సోమవారం, హోలీ పున్నమి

మేట మీద రంగులొచ్చాయి. గాడ్‌విట్ల మగవాటి మెడా పొట్టా ఇటుక రంగుకి తిరుగుతున్నాయి, కొన్ని సగం, కొన్ని పూర్తిగా. అక్టోబరులో నన్ను తికమక పెట్టిన పుస్తకం బొమ్మలు ఇప్పుడు ఎదురుగా నడుస్తున్నాయి. అన్నీ గుండ్రంగా, బరువుగా ఉన్నాయి. అంత కొవ్వు లేకపోతే అంత దూరం పోలేవు.

అయిదూ నలభైకి ఒక గుంపు అలజడిగా అరవడం మొదలుపెట్టింది. దిగుతాయి, లేస్తాయి, మళ్ళీ దిగుతాయి. తర్వాత 31 గాడ్‌విట్లు లేచి, తిరగకుండా, ఎత్తుకి ఎత్తుకి పోయి, బారు కట్టి ఉత్తరానికి తిరిగాయి. పోర్టు క్రేన్ల మీదుగా చుక్కలై మాయమయ్యాయి. పిల్లా నేనూ ఏమీ మాట్లాడుకోలేదు. తను నోటుబుక్కు తీసుకుని, టైము గడిలో 5.52 అని రాసి, ఆఖరి గడిలో పేరు రాసి, పక్కన "వెళ్ళిపోయాయి" అని రాసింది.

ఏప్రిల్ 28, ఆదివారం

వలస పిట్టలు దాదాపు ఖాళీ. స్టిల్ట్‌లు మాత్రం ఉన్నాయి, ఇవి మన దగ్గరే గుడ్లు పెడతాయి. తాళ్ళరేవు దాటాక ఎండగట్టిన ఒక రొయ్యల చెరువులో గూళ్ళున్నాయని తెలిసి, పిల్లనీ వాళ్ళ నాన్ననీ తీసుకుని వెళ్ళాను. గట్టు మీద కొబ్బరి చెట్టు నీడలో, గూటికి అరవై అడుగుల దూరాన కూర్చున్నాం. అంతకంటే ముందుకి వెళితే తల్లి రెక్క విరిగినట్టు నటిస్తూ బురదలో దొర్లుతుంది, అంతసేపూ గుడ్లు ఎండకి మాడతాయి.

ఒంటికీ కాళ్ళకీ ఉన్న పొంతన చూస్తే ఫ్లెమింగో తర్వాత అంత పొడుగు కాళ్ళు మరే పిట్టకీ లేవంటారు. మేట మీద గడల దగ్గర నాలుగు పట్టీలకి కొంచెం తక్కువ లోతులో నిలబడింది, పొట్ట తడవకుండా. నీళ్ళలో అంత హాయిగా ఉన్న కాళ్ళని గూటి మీద కూర్చోవడానికి మాత్రం ఎన్ని మడతలు పెట్టుకోవాలో! ముందు వెనక్కి మడిచి, నెమ్మదిగా కిందకి దిగి, అటూ ఇటూ సర్దుకుని. బురద మీద గడ్డి పరకలు పేర్చిన గూడు. గుడ్లు నాలుగు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు. మగదాని వీపు నిగనిగలాడే నలుపు, ఆడదానిది గోధుమ.

పదింటికే ఎండ మాడ్చేస్తోంది. అప్పుడు చూశాం. కూర్చున్నది లేచి, పక్క కాలవలోకి దిగి, కాళ్ళు మడిచి పొట్ట నీళ్ళలో ముంచి, వెనక్కొచ్చి తడి ఈకలతో గుడ్ల మీద కూర్చుంది. ఇవి గుడ్లని పొదగడమే కాదు, చల్లబరుస్తాయి కూడా. ఇది చదివాను కానీ కళ్ళతో చూడటం ఇదే.

చెరువు ఆసామి బండి మీద వచ్చాడు. సంగతి చెప్పాను.

"ఎల్లుండి నీళ్ళు పెడదామనుకుంటున్నానండి. ఎన్నాళ్ళు పడుతుంది మేడంగారూ?"

"పొదగడానికి ఇరవై రెండు, ఇరవై అయిదు రోజులండీ. ఎన్ని రోజులైందో తెలీదు. మూడు వారాలు ఆగగలిగితే..."

ఆయన గూటి వైపు చూశాడు, కాలవ వైపు చూశాడు. "ముందు అవతలి రెండు చెరువులకి పెట్టుకుంటానులెండి. ఇది ఇంకా ఎండనిద్దాం, పురుగు చస్తుంది." వెళ్ళబోతూ ఆగి, "ఇవి రొయ్యపిల్లల్ని తింటాయా?" అని అడిగాడు. ఎండిన చెరువులో పురుగులూ ఈగలూ తింటున్నాయని చెప్పాను. నీళ్ళు పెట్టాక గట్ల అంచున చిన్న రొయ్య దొరికితే వదలవని కూడా చెప్పాను. తల ఊపాడు.

మిగిలిన ఒక గడ తీసుకెళ్ళి, కూలీలు పొరపాటున అటు రాకుండా, గూటికి దూరంగా గట్టు మూల పాతి వచ్చాం. 10.20 నుంచి 11.20 దాకా పొట్ట తడుపుకోవడం ఏడుసార్లు. నాలుగు సార్లు ఆడది, మూడు సార్లు మగది. గుడ్లు నాలుగు.